క్రిస్మస్ ముందు రాత్రి వినిపించిన వయొలిన్: రెజినాల్డ్ ఫెస్సెండెన్ జీవితం

డిసెంబరు రాగానే మన సంఘాల్లో ఒక కథ బయలుదేరుతుంది. మదనపల్లెలో సెమీ క్రిస్మస్ కూడికలో ఒకరు చెబుతారు, పుంగనూరులో యూత్ మీటింగులో ఇంకొకరు, కుప్పంలో సండే స్కూల్ పిల్లలకు మరొకరు. ప్రపంచంలో మొట్టమొదటి రేడియో ప్రసారం 1906 క్రిస్మస్ ముందు రాత్రి జరిగిందనీ, అందులో బైబిలు చదివారనీ, సముద్రం మీద ఓడల్లో ఉన్నవాళ్లు ఆ మాటలు విని నిర్ఘాంతపోయారనీ ఆ కథ. వినడానికి ఎంతో బాగుంటుంది. దూతల పాట మళ్లీ ఒకసారి ఆకాశంలోంచి వినిపించినట్టు ఉంటుంది. అయితే కథలోని మనిషి ఎవరో, ఆయన పేరేమిటో మనలో చాలామందికి తెలియదు. ఆ కథకు ఎంత ఆధారం ఉందో అడిగేవాళ్లు ఇంకా తక్కువ. ఈ వారం ఆ రెండూ చూద్దాం.

ఆయన పేరు రెజినాల్డ్ ఫెస్సెండెన్. 1866 అక్టోబరు 6న కెనడాలోని క్విబెక్ ప్రాంతంలో ఈస్ట్ బోల్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఎలైషా ఆంగ్లికన్ సంఘంలో పాస్టరు. పాస్టరుగారి ఇల్లంటే మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు: పుస్తకాలుంటాయి, ప్రార్థన ఉంటుంది, నెలాఖరుకు డబ్బుండదు. నలుగురు కొడుకుల్లో పెద్దవాడు రెజినాల్డ్. తండ్రికి బదిలీ అయిన చోటికల్లా కుటుంబం సామాను సర్దుకొని వెళ్లేది. కొంతకాలం నయాగరా జలపాతం దగ్గర కూడా ఉన్నారు. కుర్రవాడు లెక్కల్లో దిట్ట. మీసాలు రాకముందే తాను చదివే బడిలోనే చిన్న తరగతులకు లెక్కలు చెప్పాడు. కాని డిగ్రీ మాత్రం పూర్తి చేయలేదు. 18 ఏళ్ల వయసులో అట్లాంటిక్ సముద్రంలోని బెర్ముడా దీవిలో ఒక చిన్న బడికి ప్రధానోపాధ్యాయుడిగా వెళ్లాడు. అక్కడే హెలెన్ ట్రాట్ అనే అమ్మాయితో పరిచయమైంది. తరువాత ఆమే ఆయన భార్య అయింది. ఈ హెలెన్ గారి ప్రస్తావన మన కథలో మళ్లీ వస్తుంది.

1886లో ఆ యువకుడు న్యూయార్కు చేరాడు. విద్యుద్దీపాల ఎడిసన్ దగ్గర పని చేయాలని ఆశ. తనకు విద్యుత్తు గురించి ఏమీ తెలియదు గానీ త్వరగా నేర్చుకోగలనని నిజాయితీగా రాసి పంపితే, ఏమీ తెలియనివాళ్లు తన దగ్గర ఇప్పటికే చాలినంతమంది ఉన్నారని ఎడిసన్ జవాబు పంపాడట. అయినా పట్టు వదలలేదు. వీధుల్లో గుంటలు తవ్వి కరెంటు తీగలు పరిచేచోట తీగలు పరీక్షించే చిన్న ఉద్యోగం దొరికింది. అక్కడి నుంచి ఎడిసన్ సొంత ప్రయోగశాలలో ముఖ్య రసాయన శాస్త్రవేత్త స్థాయికి ఎదిగాడు. 1890లో ఎడిసన్‌కు డబ్బు ఇబ్బంది వచ్చి మనుషులను తీసేసినప్పుడు ఆ ఉద్యోగమూ పోయింది. ఆ తరువాత వెస్టింగ్‌హౌస్ కంపెనీలో కొంతకాలం, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఏడాది, 1893 నుంచి పిట్స్‌బర్గులో ప్రొఫెసర్ ఉద్యోగం. డిగ్రీ లేని ప్రొఫెసర్ అన్నమాట.

అప్పటి సమస్య ఏమిటో ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి. అది అర్థం కాకపోతే ఆయన చేసిన పని విలువ తెలియదు.

ఆ రోజుల్లో వార్త వేగంగా వెళ్లాలంటే టెలిగ్రాఫు ఒక్కటే దారి. మద్రాసు, బెంగుళూరు మధ్య రైలు మార్గంలో ఉన్న కుప్పం స్టేషన్ లాంటి చోట్ల స్టేషన్ మాస్టరు మీటను టకటక కొట్టేవాడు. చుక్క, గీత, చుక్క, గీత. తీగ ఉన్నంత దూరమే ఆ వార్త ప్రయాణం. మదనపల్లెలో పని చేస్తున్న అమెరికా మిషనరీలకు ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే ఓడలో వారాలు పట్టేది. తీగ లేకుండా గాలిలోనే సంకేతం పంపవచ్చని 1890లలో తేలింది. మన దేశంలోనే జగదీశ్ చంద్ర బోసు 1895లో కలకత్తాలో తీగ లేకుండా దూరాన గంట మోగించి చూపారు. 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ సముద్రం దాటించి ఒక్క అక్షరం పంపానని ప్రకటించాడు. కాని ఇవన్నీ చుక్కలు, గీతలే. మనిషి గొంతు కాదు.

కారణం ఇది. అప్పటి యంత్రాలు నిప్పురవ్వలతో పనిచేసేవి. ఒక్కో రవ్వా ఒక్కో దెబ్బ. డప్పు మీద దెబ్బలు కొట్టి ఊరికి చాటింపు చెప్పవచ్చు, కాని డప్పు దెబ్బలతో కీర్తన పాడించలేం. పాటకు హార్మోనియం శ్రుతిలా ఎడతెగకుండా సాగే ఆధారం కావాలి. గాలిలో కూడా అలా ఎడతెగని అల ఉంటే, దాని మీద మనిషి గొంతును ఎక్కించి పంపవచ్చని ఫెస్సెండెన్ ఆలోచన. ఇవాళ ఇది మామూలు మాటగా కనిపిస్తుంది. ఆనాడు పెద్దపెద్ద ఇంజనీర్లు ఆ ఆలోచనను కొట్టిపారేశారు. నిప్పురవ్వ లేనిదే వైర్‌లెస్ లేదని వాళ్ల నమ్మకం.

1900లో ఆయన విశ్వవిద్యాలయం వదిలి అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖలో చేరారు. తుఫాను హెచ్చరికలు తీరం పొడవునా తీగ లేకుండా పంపడం ఆయనకు అప్పగించిన పని. పొటోమాక్ నదిలో కాబ్ ఐలండ్ అనే లంకలో రెండు స్తంభాలు నాటారు. రెండింటి మధ్య సుమారు 1.6 కిలోమీటర్ల దూరం. ఎడతెగని అల ఇంకా చేతికి రాలేదు కాబట్టి, సెకనుకు 10,000 సార్లు రవ్వలు పుట్టించే యంత్రం చేయించారు. దెబ్బలు అంత దగ్గరగా పడితే అలలాగే ఉంటుందేమోనని ఆశ. 1900 డిసెంబరు 23న మైకు ముందు నిలబడి, అంకెలు లెక్కపెట్టి, అవతలి స్తంభం దగ్గర ఉన్న సహాయకుడు థీసెన్‌ను అక్కడ మంచు పడుతోందా అని అడిగారు. పడుతోందని టెలిగ్రాఫు మీట మీద జవాబు వచ్చింది. చెవులు చిల్లులు పడే గరగర శబ్దం మధ్య గొంతు వినిపించీ వినిపించనట్టు ఉంది. అయినా మాట మాటే. తీగ లేకుండా విద్యుత్ అలల మీద ప్రయాణించిన తొలి మాటల్లో అదొకటి.

తొలి మాటల్లో ఒకటి అనడానికి కారణం ఉంది. అదే 1900 జూన్‌లో బ్రెజిల్ దేశంలోని సావో పావ్లో నగరంలో రొబెర్తో లాందెల్ ద మౌరా అనే కథోలిక గురువు తీగ లేకుండా మాట వినిపించే ప్రదర్శన చేశారు. ఆ సంగతి అక్కడి పత్రికలో కూడా వచ్చింది. విచారణ గురువుగా ఉంటూ యంత్రాలతో కుస్తీ పట్టిన ఆ మనిషిని సొంత దేశమే సరిగా పట్టించుకోలేదు. ఒక పాస్టరు కొడుకు, ఒక ఫాదరు, ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే ఏడాది ఒకే పని మీద ఉన్నారు. మొదట ఎవరు అన్న తగాదా చరిత్రకారులకు వదిలేద్దాం.

వాతావరణ శాఖలో ఆయన ఎక్కువకాలం ఉండలేదు. శాఖ అధిపతి విల్లిస్ మూర్ ఆయన పేటెంట్లలో సగం వాటా అడిగాడని ఆయన ఆరోపణ. అమెరికా అధ్యక్షుడికి ఫిర్యాదు రాశారు. ఫలితం లేకపోయింది, 1902లో బయటికి వచ్చేశారు. ఫెస్సెండెన్ గారికి కోపం ఎక్కువ. తన తెలివి తనకు తెలుసు, అవతలివారికి తెలియదని కూడా తెలుసు, ఆ సంగతి దాచుకోలేరు. మేధావులను దేవదూతలుగా చూపించే అలవాటు మనకు ఉంది గనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది. ఆయనతో కలిసి పనిచేయడం ఎవరికీ సుఖంగా ఉండేది కాదు.

పిట్స్‌బర్గుకు చెందిన ఇద్దరు ధనవంతులు డబ్బు పెట్టి ఆయన పేటెంట్ల మీద ఒక కంపెనీ స్థాపించారు. మసాచుసెట్స్ తీరాన బ్రాంట్ రాక్ అనే పల్లెలో 420 అడుగుల ఎత్తు ఇనుప స్తంభం లేచింది. అదే ఎత్తున్న రెండోది సముద్రానికి అవతల స్కాట్లాండు తీరాన మాక్రిహానిష్‌లో. 1906 జనవరిలో ఈ రెండు స్తంభాల మధ్య రెండు వైపులా టెలిగ్రాఫు సంకేతాలు నడిచాయి. అప్పటిదాకా అట్లాంటిక్ మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు అలా సాగిన వైర్‌లెస్ సంభాషణ లేదు. ఆ ఏడాది డిసెంబరు 5న గాలివానకు స్కాట్లాండు స్తంభం కూలిపోయింది. అతుకుల పని సరిగా చేయకపోవడమే కారణమని తేలింది. మళ్లీ కట్టడానికి డబ్బు లేదు. సముద్రం దాటే వ్యాపారం ఆశ ఆ రోజుతో పోయింది.

ఆశ ఒకవైపు కూలినా, మరోవైపు ఆయన కలగన్న ఎడతెగని అల ఆ నెలల్లోనే చేతికొచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో అలెగ్జాండర్సన్ అనే స్వీడన్ యువ ఇంజనీరు ఆయన కోరిక మీద ఒక విద్యుత్ యంత్రం తయారు చేశాడు. మామూలు కరెంటు సెకనుకు 50, 60 సార్లు ఊగుతుంది. ఇది సెకనుకు దాదాపు 50,000 సార్లు ఊగే కరెంటు పుట్టిస్తుంది. ఆ అల మీద మైకు ద్వారా గొంతు ఎక్కించారు. 1906 డిసెంబరు 21న పత్రికల వారిని, టెలిఫోను నిపుణులను పిలిచి బ్రాంట్ రాక్ నుంచి ప్లిమత్ పట్టణానికి మాటలు, గ్రామఫోను పాటలు వినిపించారు. దూరం సుమారు 18 కిలోమీటర్లు. మదనపల్లె నుంచి పుంగనూరుకు ఉన్న దూరంలో సగం కంటే కొంచెం ఎక్కువ. వచ్చినవాళ్లు విన్నారు. టెలిఫోను రంగం పత్రికలో ఆ ప్రదర్శన గురించి కొద్ది వారాల్లోనే అచ్చయింది. ఇది గట్టి సాక్ష్యం. దీని మీద ఎవరికీ అనుమానం లేదు.

మన కథ దీనికి మూడు రోజుల తరువాతిది.

డిసెంబరు 24 రాత్రి ఆయన ఓడల్లోని వైర్‌లెస్ ఆపరేటర్ల కోసం ఒక కార్యక్రమం ప్రసారం చేశారని కథ. వినమని ముందే కబురు పంపారట. మొదట తాము ఏం చేయబోతున్నామో చెప్పారు. తరువాత గ్రామఫోను మీద హాండెల్ లార్గో వినిపించారు. హల్లెలూయా కోరస్ రాసిన ఆ హాండెలే. తరువాత ఆయనే వయొలిన్ తీసుకుని ఓ హోలీ నైట్ వాయించి, కొంచెం పాడారు కూడా. ఆ తరువాత లూకా సువార్త 2వ అధ్యాయంలో దూతలు పాడిన స్తుతి వాక్యం. చివర క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పి, కొత్త సంవత్సరం ముందు రాత్రి మళ్లీ వస్తామని ముగించారు. సహాయకులను మాట్లాడమంటే వాళ్లు మైకు ముందు బిగుసుకుపోయారనీ, అందుకే పాటా వాక్యమూ అన్నీ ఆయన మీదే పడ్డాయనీ చెబుతారు. ఆ కార్యక్రమం చాలా దూరాన, వర్జీనియా తీరం వరకు, అరటిపండ్ల వ్యాపారం చేసే యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ ఓడల్లో కూడా వినిపించిందని అంటారు.

ఈ వివరాలకు ఆధారం ఏమిటి? ఆయన రాసిన ఒక ఉత్తరం. తన పాత సహచరుడు కింట్నర్‌కు 1932 జనవరి 29న రాసినది. అంటే జరిగిందన్న సంఘటనకు 25 ఏళ్ల తరువాత. అప్పటికి ఆయన ఆరోగ్యం దెబ్బతిని ఉంది. ఆయన మరణం తరువాత హెలెన్ గారు రాసిన జీవిత చరిత్ర 1940లో వెలువడి, కథను లోకమంతా పాకించింది. 1907 నాటి పత్రికల్లో ఆ క్రిస్మస్ ప్రసారం వార్త కనిపించలేదు. ఏ ఓడ లాగ్‌బుక్కులోనూ కనిపించలేదు. మూడు రోజుల ముందటి ప్రదర్శనకు అంత ప్రచారం జరిగినప్పుడు, ఇంత వింత సంగతిని విన్న ఆపరేటర్లు ఒక్కరైనా రాసుకోకపోవడం ఆశ్చర్యమే. ఉత్తరంలోనే ఒక చిన్న పొరపాటు కూడా ఉంది. ఓ హోలీ నైట్ పాటకు బాణీ కట్టింది అడాల్ఫ్ అడాం అనే ఫ్రెంచి సంగీతకారుడు. ఉత్తరంలో మాత్రం గూనో పేరు ఉంది. పాతికేళ్ల జ్ఞాపకం అలాగే ఉంటుంది మరి. 2006లో నూరేళ్ల పండుగ సందర్భంగా రేడియో చరిత్ర పరిశోధకులు ఈ విషయాలన్నీ తిరగేసి, డిసెంబరు 21 ప్రదర్శనా, తరువాతి సంవత్సరాల ప్రయోగాలూ ఆయన జ్ఞాపకంలో కలిసిపోయి ఉండవచ్చని కొందరు, అంత వివరంగా రాసిన మనిషి ఊరికే కల్పించడని కొందరు వాదించారు. వాదన ఇంకా తెగలేదు.

నా మట్టుకు నాకు ఆయన అబద్ధం చెప్పారనిపించదు. ఆ ఉత్తరంతో ఆయనకు వచ్చే లాభమేమీ లేదు. ఆ కార్యక్రమం పంపడానికి కావలసిన యంత్రం, స్తంభం, వయొలిన్ అన్నీ ఆ రాత్రి ఆయన దగ్గర ఉన్నాయి. మూడు రోజుల ముందు పంపి చూపించారు కూడా. అయినా జరిగి ఉండవచ్చు అనడం వేరు, జరిగింది అనడం వేరు. పులిపీట మీద నిలబడి చెప్పేటప్పుడు ఆ తేడా ఇంకా ముఖ్యం. ఆ రాత్రి చదివారంటున్న సువార్త ఏది? లూకాది. ఆ లూకా తన సువార్త మొదటి నాలుగు వచనాల్లో, మొదటి నుంచి కళ్లారా చూసినవాళ్లు అప్పగించిన సంగతులను తాను శ్రద్ధగా విచారించి వరుసగా రాస్తున్నానని థెయొఫిలాకు చెప్పుకున్నాడు. ఆ సువార్తను గొప్ప చేయడానికి చెప్పే కథను విచారించకుండా చెప్పడం లూకాకు నచ్చే పని కాదు. ఈ డిసెంబరులో కథ చెప్పబోయే యువకులు, ఫెస్సెండెన్ తరువాత రాసిన ఉత్తరం ప్రకారం అన్న ఒక్క ముక్క కలిపితే చాలు. కథ అందం తగ్గదు. వింటున్నవాళ్లలో ఒక ఇంజనీరింగు విద్యార్థి ఉండి, ఇంటికి వెళ్లి వెతికి చూస్తే మన మాట మీద నమ్మకమూ పోదు.

ఆ తరువాత ఆయన జీవితం కోర్టుల చుట్టూ తిరిగింది. డబ్బు పెట్టిన భాగస్వాములతో చెడి 1911లో సొంత కంపెనీ నుంచే ఆయనను బయటికి పంపారు. దావా వేసి గెలిచారు గాని కంపెనీ దివాలా తీసింది. పేటెంట్లు చేతులు మారి చివరకు పెద్ద రేడియో కంపెనీకి చేరాయి. ఆ కంపెనీతో 1928లో రాజీ కుదిరి 5 లక్షల డాలర్లు వచ్చేసరికి ఆయనకు 60 దాటాయి. అందులో పెద్ద భాగం వకీళ్లకే పోయింది.

ఈ మధ్యలో ఆయన చేసిన ఇంకో పని ఉంది. రేడియో కథ వెలుగులో అది కనబడకుండా పోయింది గాని, నాకైతే అదే ఎక్కువ గొప్పదనిపిస్తుంది. 1912లో టైటానిక్ ఓడ మంచుకొండకు తగిలి మునిగింది, 1,500 మంది పోయారు. ఫెస్సెండెన్ నీళ్లలో శబ్దం పంపి, అది తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదుట ఏముందో, ఎంత దూరంలో ఉందో తెలుసుకునే యంత్రం తయారు చేశారు. 1914లో ఉత్తర అట్లాంటిక్‌లో మయామి అనే ప్రభుత్వ ఓడ మీద ఎక్కి, సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న మంచుకొండను ప్రతిధ్వనితో పట్టి చూపించారు. ఆ ప్రయోగం రోజుల్లో ఆయన సముద్ర ప్రయాణపు జబ్బుతో కదలలేని స్థితిలో ఉన్నారని చెబుతారు. సముద్రం లోతు కొలవడానికి కూడా అదే పద్ధతి వాడారు. అంతకుముందు లోతు తెలుసుకోవాలంటే తాడుకు సీసపు గుండు కట్టి దించేవారు.

ఇటు రేడియో ఆయన చేతిలోంచి జారిపోయి లోకంలో పెరిగింది. 1920 నవంబరులో, ఆయన ఒకప్పుడు పాఠాలు చెప్పిన పిట్స్‌బర్గులోనే వెస్టింగ్‌హౌస్ కంపెనీ కేడీకేఏ స్టేషన్ ప్రారంభించింది. నాలుగేళ్లకు ఆ గాలి మన దక్షిణానికి కూడా వచ్చింది. 1924 మే 16న మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి ప్రోత్సాహంతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి జూలై 31న ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు చాలక 1927లో ఆగిపోయింది. క్లబ్బు యంత్రాన్ని తీసుకొని మద్రాసు కార్పొరేషన్ 1930 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ నడిపింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. తెలుగు క్రమంగా వినిపించడానికి మాత్రం 1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో స్టేషన్ తెరిచేదాకా ఆగవలసి వచ్చింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది, రాయలసీమ నడుమ కడప కేంద్రం 1963లో. పంచాయతీ రేడియో ముందు చేరి విన్న తరం పెద్దలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. 1970 తరువాత హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల నుంచి ఫీబా వారి కార్యక్రమాలు షార్ట్‌వేవ్‌లో వస్తుంటే, ట్రాన్సిస్టర్‌ను అటూ ఇటూ తిప్పి గరగరల మధ్య వాక్యం పట్టుకున్నవాళ్లకు కాబ్ ఐలండ్‌లో థీసెన్ ఏం విన్నాడో వేరే చెప్పనక్కరలేదు.

ఫెస్సెండెన్ చివరి సంవత్సరాల్లో యంత్రాలు పక్కనపెట్టి నోవహు జలప్రళయం మీద పడ్డారు. జలప్రళయం కథకు మూలమైన ప్రాంతం కాకసస్ పర్వతాల చుట్టుపక్కల ఉందని నిరూపించడానికి పుస్తకమే రాసి 1923 నుంచి సొంతంగా అచ్చు వేయించారు. పండితులు దాన్ని ఒప్పుకోలేదు. పేటెంట్ల డబ్బు చేతికి వచ్చాక భార్యాభర్తలు తమ పరిచయం మొదలైన బెర్ముడాకే తిరిగి వెళ్లి ఇల్లు కట్టుకున్నారు. కింట్నర్‌కు ఉత్తరం రాసిన ఆరు నెలలకు, 1932 జూలై 22న ఆయన కన్నుమూశారు. అక్కడి సెయింట్ మార్క్స్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. హెలెన్ గారు భర్త కాగితాలన్నీ సర్దుకొని ఎనిమిదేళ్లలో పుస్తకం పూర్తి చేశారు. 1906 డిసెంబరు 24 రాత్రి ఆ వయొలిన్ విన్నానని రాసుకున్న ఓడ లాగ్‌బుక్కు మాత్రం ఏదీ ఇంతవరకు బయటపడలేదు.